రెడీ అయినా ఇంటికి రాని మిషన్

పొద్దున్నే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: "మీ కుట్టు మిషన్ రెడీ. వచ్చి తీసుకెళ్లండి." ఆమె సంబరంగా అమ్మకు చూపించి చెప్పులు వేసుకునేలోపే, లాప్‌టాప్‌లో అదే మిషన్ మళ్లీ 'రిపేరులో' అని కనిపించింది. నిన్నా ఇంతే. మొన్నా ఇంతే.

ఆమెకు బుర్ర తిరిగిపోయింది. ఆ మెసేజ్ దానంతటదే వెళ్లేలా ఏర్పాటు చేసింది తానే మరి. వంటగది పక్కన బల్ల వేసుకుని, చిన్న షాపుల వాళ్లకు పనులు ఒకదాని వెంట ఒకటి నడిపించే సాఫ్ట్‌వేర్ అమర్చిపెట్టడమే ఆమె సంపాదన. ఏ వస్తువు వచ్చింది, ఏది రిపేరులో ఉంది, ఏది రెడీ, ఎవరికి కబురు పెట్టాలి, అన్నీ అదే చూసుకుంటుంది. కుట్టు మిషన్ల మెకానిక్ ఆమెకు తొలి బేరం. ఆ చనువుతోనే అమ్మ మిషన్‌నీ అక్కడే ఇచ్చింది.

అందరి మిషన్లూ బుద్ధిగా ముందుకు కదులుతున్నాయి. అమ్మది ఒక్కటే ముందుకెళ్లి వెనక్కి వస్తోంది. ఫోన్ చేస్తే మెకానిక్, ఏదో తేడాగా ఉందండీ, ఒకసారి వచ్చి చూడండి అంటాడు. వెళ్తే టీ తెప్పిస్తాడు. ఆమె అక్కడున్నంతసేపూ అంతా సవ్యంగానే ఉంటుంది. ఇంటికొస్తే మళ్లీ మొదటికే.

"మేనేజరమ్మా, ఊరందరి పనులూ చక్కబెడతావు, నా మిషన్ మాత్రం ఇల్లు చేరదు," అని అమ్మ దెప్పింది.

ఇంతలో, ఊళ్లో బేకరీ నడిపే ఆవిడ తన షాపుకీ ఇదే సాఫ్ట్‌వేర్ అమర్చమని అడిగింది. తప్పెక్కడుందో తెలియనిదాన్ని ఇంకొకరి నెత్తిన ఎలా రుద్దడం? ఇప్పట్లో కుదరదని చెప్పేసింది. చెప్పాక ఏడుపొచ్చింది. అసలు ఈ పనే తనకు రాదేమో.

ఆ మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా షాపుకు వెళ్లింది. మెకానిక్ సామాను కొనడానికి బయటికెళ్లాడు. కౌంటర్‌లో అతని తండ్రి ఉన్నాడు. పక్కనే అమ్మ మిషన్, పెళ్లికూతురిలా మెరిసిపోతూ.

"నిన్నే అడుగుదామనుకుంటున్నానమ్మా," అన్నాడాయన. "ఇది ఎప్పుడో బాగైపోయింది. రోజూ పొద్దున నేను రెడీ అని పెడతాను, మావాడొచ్చి వెనక్కి జరుపుతాడు. ఎందుకురా అంటే, సాఫ్ట్‌వేర్ గొడవ నాన్నా, నీకు తెలీదు అంటాడు. నీకేమైనా అర్థమవుతోందా?"

సగం అర్థమైంది. మిగతా సగం నమ్మబుద్ధి కాలేదు. కోపం తెచ్చుకోవాలో నవ్వాలో తేలక బుగ్గలు వేడెక్కాయి.

అంతలో వానలో తడుస్తూ వచ్చాడు మెకానిక్. ఆమెను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. జుట్టులోంచి నీళ్లు ముక్కు మీదికి కారుతున్నా తుడుచుకోలేదు.

"ఎందుకు?" అంది ఆమె.

"రెడీ అని పెడితే మీరు తీసుకెళ్లిపోతారు. ఆ తర్వాత మిమ్మల్ని రమ్మనడానికి నా దగ్గర వంకేదీ లేదు."

"నాకు పని రాదనుకున్నానండీ. బేకరీ ఆవిడకు కుదరదని చెప్పేశాను."

అతని ముఖం పాలిపోయింది. ఇంత దూరం వస్తుందని అతనికి తట్టనేలేదు. అక్కడికక్కడే బేకరీకి ఫోన్ కలిపి, సాఫ్ట్‌వేర్ బంగారంలా పనిచేస్తోందనీ, తప్పంతా తనదేననీ, కావాలనే చేశాననీ చెప్పాడు. ఆవిడ ఎందుకని అడిగినట్టుంది.

"ఆ అమ్మాయి రోజూ రావాలని," అన్నాడు.

అవతలి నవ్వు షాపంతా వినిపించింది. రేపే వచ్చి పని మొదలుపెట్టమందట.

తండ్రి కళ్లజోడు తీశాడు. "ఓరి వెధవా, ఆ ముక్క నాతో చెప్పుంటే నేనూ రెడీ అని పెట్టేవాణ్ణి కాదు కదరా."

ఆమెకు నవ్వాగలేదు. "బేకరీకి ఈ దారినే వెళ్లాలి," అంది మెకానిక్‌తో. "రేపు ఏ వంకా లేకుండానే ఇక్కడ ఆగుతాను. ఇవాళ మాత్రం మిషన్ ఇల్లు చేరాలి."

అతను అప్పటికే మిషన్ భుజానికెత్తుకున్నాడు. వాన తగ్గనీరా అని తండ్రి అంటున్నా వినలేదు. ఆమె గొడుగు విప్పి మిషన్ మీద పట్టింది. గొడుగు దానికే సరిపోయింది.

అమ్మ తలుపు తీసింది. మిషన్ వైపు చూడనైనా చూడలేదు. ముద్దగా తడిసిన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, లోపలికెళ్లి రెండు తువ్వాళ్లు తెచ్చింది.