అమ్మ కూచునే చోటు

ఆ రెండో శనివారం ఉదయ్ కుమార్ చేయాల్సిన పనులు నాలుగు. కొళాయి వచ్చినప్పుడే నీళ్లు పట్టాలి. విత్తనానికి శనక్కాయలు ఒలిచేవాళ్లను పిలవాలి. గ్యాసు రాయించాలి. పది గంటల బస్సుకు అమ్మను అనంతపురంలో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. మొదటి మూడూ ఎనిమిదింటికే అయిపోయాయి. నాలుగోదే కదల్లేదు. అమ్మ బయమ్మ చీర కూడా మార్చుకోకుండా గడప దగ్గర కూచుంది.

నెల కిందట ఉదయ్ హోమ్ థియేటర్ కొన్నాడు. రెండు స్పీకర్లు, ఒక బాస్ పెట్టె. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు కాబట్టి పుస్తకం చూసి తనే బిగించాడు. నాయన ఆంజినప్ప ముప్పై ఏళ్లు రాప్తాడు చుట్టుపక్కల పెళ్లిళ్లకూ జాతరలకూ మైకుసెట్టు కట్టినవాడు. ఆయన వైరు అందుకోబోతే, ఇది నీ మైకుసెట్టు కాదులే అన్నాడు ఉదయ్. ఆయన మళ్లీ దాని దగ్గరికి పోలేదు.

ఆ రోజు నుంచే బయమ్మకు పాటలో వాయిద్యం వినబడుతుంది గానీ మాట అందదు. చెవులు పోయాయని కొడుకు తేల్చేశాడు. కోడలు సువర్ణ మంచిదే, కానీ అత్తతో కేకలేసి మాట్లాడడం మొదలుపెట్టింది. బయమ్మకు తన అక్క భద్రమ్మ గుర్తొచ్చింది. చెవుడని తెలిసినాక ఆమెతో ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. సైగ చేసి అన్నం పెట్టేవాళ్లు.

"బస్సు పోతాదిమా, లెయ్."

"నేను రాను. చెవుడని చీటీ రాయించుకోనొస్తే, నన్నూ మా అక్క మాదిరి మూల కూచోబెడతారు."

"పాటలో మాట వినబడలేదని నువ్వే కదమ్మా అంటివి."

"పాటలో అన్న్యా. నువ్వూ నీ పెండ్లామూ వంటింట్లో గుసగుసలాడేది వినబడతానే ఉండాది."

సువర్ణ తల వంచుకుంది.

ఆ మాట విని వాకిట్లోంచి ఆంజినప్ప లేచొచ్చి పాట పెట్టమన్నాడు. ఉదయ్ రోజూ కూచునేది ఎడమ స్పీకరు పక్కన కుర్చీలో. ఆంజినప్ప అక్కడ కూచోలేదు. రెండు స్పీకర్లకు నడిమధ్యన, బయమ్మ రోజూ కూచునే చాప మీద కూచుని కాసేపు విన్నాడు.

"మీ అమ్మ కూచునే చోట ఒక్కనాడన్నా కూచున్న్యావా రా? కూచో."

ఉదయ్ కూచున్నాడు. తబలా ఉంది, వేణువు ఉంది. పాడే మనిషి గొంతు మాత్రం గోడ అవతలున్నట్టుంది.

ఆంజినప్ప సెట్టు ఆపి, వైర్లు విప్పి, స్పీకర్ల ముందరి జాలీ తీశాడు. రెండు స్పీకర్ల వైర్ల చివర్లకూ ఒకే తీరున, ఎరుపుకు సెల్లు మొన, నలుపుకు అడుగు తగిలేలా, టార్చి సెల్లు తాకించాడు. ఎడమ స్పీకరు అట్ట ముందుకు పొంగింది. కుడిది లోపలికి పోయింది. నెల కిందట బిగించేటప్పుడు కుడి స్పీకరుకు వైరు చాలక ఉదయ్ మధ్యలో కరెంటు వైరు అతికించి ఉన్నాడు. దానికి రెండు పోగులూ ఒకటే రంగు. అక్కడే ఎరుపు నలుపులు తారుమారయ్యాయి.

"ఒగటి ముందుకు తోస్తాంటే ఇంకొగటి ఎనక్కు గుంజతాంది. నడుమ ఉండేవాళ్లకు మాట యాడ మిగులుతాది?"

ఆయన అతుకు మార్చి కట్టాడు. ఉదయ్ ఇంట్లో ఎప్పుడూ పెట్టని కొత్త పాట ఒకటి పెట్టాడు. బయమ్మ చాప మీద కూచుని, ఒక్కో వరుస అయ్యేకొద్దీ తిరిగి చెప్పింది, ఒక్క మాట పోకుండా.

ఉదయ్‌కు కళ్లు నిండాయి. తల వంచుకొని, తనకే వినబడనంత మెల్లగా అన్నాడు, "తప్పైపోయిందిమా."

"వినబడిందిలే" అంది బయమ్మ.

పది గంటల బస్సు వాళ్లను ఎక్కించుకోకుండానే పోయింది. మీ ఇంట్లో ఎవరికైనా మాట అందడం లేదంటే, ముందు వాళ్లు కూచునే చోట ఒకసారి కూచోండి. కూచున్నప్పుడు, టార్చి సెల్లు పట్టుకొన్న మా రాప్తాడు ఆంజినప్పను తలుచుకోండి.