ఇసుక డబ్బావైపు టక్కుమన్న చప్పుడు

"ఆమెను శనివారం చంపుతారు. ప్రమాదంలా కనబడేట్టు. పిస్తోలు నేర్పే క్లాసులో," అంది ఫోన్‌లో గూఢచారి శాఖ అధికారి ఓపల్ రీడ్.

వెండెల్ క్రౌచ్ కారు ఇంజన్ ఆపలేదు. రెడ్ ఫోర్క్ వీధుల్లో మంచు రాయిలా గట్టిపడి ఉంది. ఆపితే మళ్లీ స్టార్టవుతుందన్న నమ్మకం లేదు.

"ఆమెను క్లాసుకి వెళ్లకుండా ఆపితే సరిపోతుందిగా?"

"ఆపితే మనకు ముందే తెలుసని వాళ్లకు అర్థమవుతుంది. ఆ కబురు తెచ్చింది మిరెల్లా. మిరెల్లా బయటపడితే శత్రుదేశంలో మన మనుషులు ఐదుగురు పోతారు. అందుకని లెనోర్ వెళ్తుంది. నువ్వూ వెళ్తావు. అక్కడ నువ్వు జన్మలో పిస్తోలు ముట్టుకోని బీమా ఏజెంటువి."

"మిరెల్లా?"

"తనూ క్లాసులోనే ఉంటుంది. చంపేవాడెవడో కనిపెట్టగానే అతనికి తన తిండి ఇచ్చి, 'నాకు దాల్చినచెక్క పడదు' అంటుంది. అదే గుర్తు."

"మిరెల్లాకి కాల్చడం వచ్చా?"

"కాగితాలు మోసే మనిషి. ఆయుధం ముట్టుకోలేదట."

లెనోర్ హాస్కిన్స్‌కి యాభై ఎనిమిదేళ్లు. భర్త పోయాడు. వచ్చే క్షిపణుల్ని పసిగట్టే రాడార్లకు ఆమె రాసిన సంకేతలిపి తాళం ఇంకా ఆమె బుర్రలోనే ఉంది. సోమవారం దాన్ని ప్రభుత్వానికి అప్పజెప్పాలి. మూడు వారాలుగా ఒక మనిషి ఆమె ఇంటి ముందు ఉత్తరాల పెట్టె దగ్గర నిలబడి వెళ్లిపోతున్నాడు. ఫోన్ మోగుతుంది, ఎత్తితే ఎవరూ మాట్లాడరు. ఒంటరి మనిషి చివరికి ఇక్కడ అందరూ చేసే పనే చేసింది. పిస్తోలు కొనుక్కుందామనుకుంది. ఆమెను ఆ క్లాసుకి చేర్చడానికే వాళ్లు ఆ భయాన్ని నాటారు.

హార్డ్‌వేర్ షాపు కింద నేలమాళిగ. రెండు గదులు, రెంటికీ కలిపి ఒకే ఉక్కు తలుపు. క్లాసు చెప్పే గార్లాండ్ స్టబ్స్ తలుపు మూసి తాళంచెవిని మెడలో వేసుకున్నాడు. డెబ్బై ఒకటో ఏడు, మాజీ డిప్యూటీ షెరీఫ్. కోటు గుండీలో వెండెల్ దాచిన మైకు ఆ కాంక్రీటు మధ్య మూగబోయింది. పైన వ్యానులో ఇద్దరు మనుషులున్నారు. వాళ్లు చంద్రుడి మీద ఉన్నా ఒకటే, వ్యానులో ఉన్నా ఒకటే.

"క్లాసయ్యేదాకా ఎవరూ బయటకు పోరు, ఎవరూ లోపలికి రారు," అన్నాడు గార్లాండ్. "ఎవరి గుళ్లు వాళ్లు ఈ డబ్బాలో వెయ్యండి. జేబులో మరిచిపోయానంటే ఊరుకోను."

నలుగురు విద్యార్థులు. లెనోర్, వెండెల్, మిరెల్లా, స్కూలు బస్సు నడిపే డ్వేన్ ఓల్సన్.

"మా ఆవిడ పంపించింది," అన్నాడు డ్వేన్ ఎవరూ అడక్కుండానే. "మా ఇంట్లో తుపాకీ రానివాణ్ని నేనొక్కణ్నే. ఆ చప్పుడు కుక్కక్కూడా అలవాటే."

మిరెల్లా నవ్వింది. తెల్ల ఉన్ని కోటు, మెడ దగ్గర సన్నని గొలుసు. ఆమె నవ్వితే గదిలో దీపాలు సర్దుకున్నట్టుంటుంది. వెండెల్ ఆమెను నమ్మి రెండేళ్లయింది. ఆ రెండేళ్లలో ఆ నమ్మకాన్ని అతను ఒక్కసారీ పరీక్షించలేదు. పరీక్షిస్తే మిగలదేమోనన్న అనుమానం నమ్మకంలోనే ఎక్కడో ఉంటుంది.

గార్లాండ్ సుద్దముక్క తీసుకుని నాలుగే వాక్యాలు రాశాడు. ప్రతి తుపాకీలోనూ గుండు ఉందనే అనుకో. చంపదలచని దేనివైపూ గొట్టం తిప్పకు. గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు. గురి వెనక ఏముందో చూడు.

"ఇక ఐదోది. నా క్లాసులో 'ఆపు' అని ఎవరైనా అనొచ్చు. తలుపు దగ్గర ఊడ్చేవాడన్నా సరే. ఆ మాట వినగానే వేలు బయటకి, పిస్తోలు బల్లమీదకి, మనిషి పసుపు గీత వెనక్కి. ఎందుకని అడగొద్దు. బతికుంటే తర్వాత అడగొచ్చు."

నీలం రంగు ప్లాస్టిక్ పిస్తోళ్లు ఇచ్చి పన్నెండుసార్లు చేయించాడు. లెనోర్ ప్రతిసారీ ఒక క్షణం ఆలోచించి కదిలింది. డ్వేన్ రెండుసార్లు కిందపడేశాడు. మిరెల్లా మాత్రం మాట పూర్తికాకముందే గీత వెనక నిలబడి ఉండేది.

తర్వాత ఎంపిక. బల్లమీద ఏడు పిస్తోళ్లు, అన్నిటి పైభాగాలూ వెనక్కి లాగి, గుండు కూర్చునే గదులు తెరిచి ఉంచాడు. లెనోర్ చెయ్యి అరచేతిలో ఇమిడిపోయే చిన్నదానివైపు వెళ్లింది.

"అందరూ దానికే పడతారమ్మా," అన్నాడు గార్లాండ్. "చిన్నదని మెత్తగా ఉంటుందనుకోకు. బరువు లేదు గనక దెబ్బంతా నీ మణికట్టుకే. ఇది పట్టుకో. మూడు వేళ్లూ పిడిమీద పడుతున్నాయా? ట్రిగ్గర్‌కి వేలు సాగదీయకుండా అందుతోందా?"

"పైది లాగలేకపోతున్నాను. కీళ్లవాతం."

"లాగకు. గుండెకి దగ్గరగా పెట్టుకుని, పైది కదలకుండా పట్టుకుని, పిడిని ముందుకి తొయ్యి. గొట్టం మాత్రం గోడవైపే. అదిగో, వచ్చింది."

మూడు వారాల తర్వాత లెనోర్ ముఖంలోకి మళ్లీ రంగు వచ్చింది.

"దీన్ని తలగడ కింద పెట్టుకోనా?"

"మంచం పక్కన తాళం పెట్టె కొనుక్కో. దానికన్నా ముందు తలుపుకి మంచి గడియ వేయించుకో. పిస్తోలు ఆఖరున. పారిపోయే దారుంటే పారిపోవడమే."

వెండెల్ వంతు వచ్చింది. గార్లాండ్ గుండు గది ఖాళీ అని చూపించి అందించాడు. వెండెల్ అందుకోగానే చూపుడువేలు దానంతటదే ట్రిగ్గర్ బయట, పక్కగా నిటారుగా పడుకుంది. ఇరవై ఏళ్ల అలవాటున్న వేలు. అతను కావాలని దాన్ని లోపలికి దూర్చాడు. మనిషి తెలియనితనాన్ని ఎంతైనా నటించగలడు, జాగ్రత్తను మరిచిపోయినట్టు మాత్రం నటించలేడు.

గార్లాండ్ పెన్సిల్‌తో వేలిమీద కొట్టాడు. "బీమా బాబూ, నీకు నువ్వే పాలసీ రాసుకున్నావా? వేలు తియ్యి."

మిరెల్లా చూస్తోంది. ఆ మొదటి అరక్షణం కూడా చూసే ఉంటుంది.

ఆమె నల్లదాన్ని అందుకుంది. గుండు గదిలోకి చూసింది. పైభాగాన్ని ముందుకి వదిలింది. గొట్టాన్ని నేలమీది ఇసుక డబ్బావైపు దించి ట్రిగ్గర్ నొక్కింది.

టక్.

"నేను చెప్పకుండా ట్రిగ్గర్ ముట్టుకోవద్దన్నానా?"

"క్షమించండి. తగిలింది."

వెండెల్ ఆమె వేలినే చూశాడు. ఈ దేశంలో గార్లాండ్ లాంటివాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లు పిస్తోలుని తెరిచే వదిలేస్తారు. చూసి, మూసి, నేలవైపు ఒకసారి ఖాళీగా నొక్కి, 'లేదు' అని లోహం చేత చెప్పించుకునే అలవాటు వేరే చోటిది. సముద్రం అవతలి బ్యారక్‌లలో కుర్రవాళ్లకు చావుభయం పెట్టి నేర్పేది. కాగితాలు మోసే మనిషికి ఎవరూ నేర్పరు.

పొరపాటున తగిలిందేమో. అతను ఆ మాటనే పట్టుకున్నాడు. తాళం పడ్డ గదిలో మనిషికి గోడమీద తలుపు గీసుకోవడం సులువు.

మధ్యాహ్నం గార్లాండ్ భార్య ముందే పంపిన గిన్నెలోంచి చిక్కుడుగింజలూ మాంసమూ ఉడికించిన వేడి చిల్లీ, పక్కన దాల్చినచెక్క రొట్టె. డ్వేన్ రొట్టెను చిల్లీలో ముంచుకుని తింటున్నాడు.

మిరెల్లా తన రొట్టెను అతని పళ్లెంలో పెట్టింది. "మీరు తినండి. నాకు దాల్చినచెక్క పడదు."

"అయ్యో, మరి ఈ ఊళ్లో ఎలా బతుకుతున్నారండీ?" అన్నాడు డ్వేన్ నోటినిండా రొట్టెతో.

వెండెల్‌కి ఎంత ఊరట కలిగిందంటే, ఆ ఊరటకే సిగ్గుపడ్డాడు. అయితే డ్వేన్. ఇక డ్వేన్‌నే చూడాలి.

కాల్చే గది ఇంకా ఇరుకు. ఐదు వరుసలు, మధ్య చెక్క తడికెలు, వెనక పసుపు గీత. రెండులో లెనోర్, మూడులో మిరెల్లా, నాలుగులో వెండెల్, ఐదులో డ్వేన్. చెవులకు డిప్పలు పెట్టుకోగానే ప్రపంచం మూతపడింది. మిగిలింది తన రక్తం చప్పుడు.

"తలా ఐదు గుళ్లు," అన్నాడు గార్లాండ్ బిగ్గరగా. "మధ్యలో పిస్తోలు ఆగిపోతే, నావైపు తిరిగి 'ఇది పనిచెయ్యట్లేదు' అనొద్దు. కొత్తవాళ్లు అలా తిరిగే పక్కవాణ్ని చంపుతారు. గొట్టం అటే ఉంచి ఎడమచెయ్యెత్తండి. నేనొస్తాను."

మొదటి గుండు లెనోర్‌ది. ఐదో వరుసలో డ్వేన్ భుజాలు చెవుల్దాకా ఎగిరాయి. అతను తన గుండు పేల్చకముందే కళ్లు మూసుకున్నాడు. పెదాలు ఏదో ప్రార్థిస్తున్నాయి. ఆ వణుకుని ఎవడూ నటించలేడు. నటించేవాడు శబ్దం తర్వాత అదురుతాడు. భయపడేవాడు ముందే అదురుతాడు.

వెండెల్ తల ఎడమకి తిరిగింది. తడికె అంచు దాటి మిరెల్లా చేతులు కనబడుతున్నాయి. పక్కన పేలిన ప్రతి గుండుకీ అవి కదలలేదు. మూడుసార్లు కాల్చింది. నాలుగోసారికి ఆగింది. పిస్తోలుని వింతగా చూసింది. ముఖంమీదికి నిస్సహాయత తెచ్చుకుంది. ఒకడుగు వెనక్కి వేసి తడికె దాటింది. పెదాలు కదిలాయి. ఇది పనిచెయ్యట్లేదు. గొట్టం మెల్లగా, కొత్తవాళ్లు తిప్పినట్టే, రెండో వరుసవైపు తిరుగుతోంది.

వెండెల్ చేతిలో పిస్తోలు ఉంది. కాల్చలేడు. ఆమె వెనకే గార్లాండ్ నిలబడి ఉన్నాడు. అరవొచ్చు. అరిస్తే లెనోర్ నేర్చుకున్నట్టే పసుపు గీత వెనక్కి వస్తుంది, నేరుగా ఆ గొట్టం ముందుకి. కాపాడే మాటే ఆమెను చేతులు కట్టి అప్పగిస్తుంది.

కాని ఆ ఇసుకడబ్బా చప్పుడు చేసిన వేలు ఆమెది కాదు. దాన్ని ఎవరో ఆమెకు పదహారో ఏటో పద్దెనిమిదో ఏటో బిగించారు. పొద్దున 'ఆపు' వినగానే పన్నెండుసార్లలో పన్నెండుసార్లూ అదే ముందు బయటికి వచ్చింది.

"ఆపు," అని వెండెల్ గొంతు చిరిగేలా అరిచాడు.

లెనోర్ ఈసారి ఆలోచించలేదు. పిస్తోలు బల్లమీద పెట్టి వెనక్కి అడుగేసింది. గొట్టం ఆమె గుండె ఎత్తులో ఉంది.

మిరెల్లా వేలు ట్రిగ్గర్ నుంచి బయటికి వచ్చి, పక్కగా, నిటారుగా పడుకుంది.

అరక్షణం. ఆమె కళ్లు తన చేతివైపే చూశాయి, పరాయివాళ్ల చేతిని చూసినట్టు. వేలు మళ్లీ లోపలికి వెళ్లేలోగా గార్లాండ్ ముసలి చెయ్యి పిస్తోలుమీద పడి దాన్ని గోడవైపు వంచింది. ఆమె ఆలస్యంగా పేల్చిన గుండు వెనకగోడ దగ్గరి ఇసుకదిబ్బలో దిగింది.

"నా క్లాసులో," అన్నాడు గార్లాండ్ ఆయాసంతో, "తిరగొద్దన్నానా లేదా?"

వెండెల్ ఆమె చేతుల్ని వెనక్కి విరిచి పట్టుకున్నాడు. ఆమె పెనుగులాడలేదు.

"నా వేలు పొద్దున్నే చూశావు, క్రౌచ్," అంది. "అయినా నన్ను అనుమానించవనుకున్నాను."

"అనుమానించకూడదని చాలా ప్రయత్నించాను."

"ఆ ఐదుగురూ నేను కల్పించినవాళ్లే. ఒక్కడూ లేడు. కబురు తెచ్చిన మనిషిని ఎవరూ అనుమానించరు, అందుకే నేనే తెచ్చాను. ఎవరి కోసం ఈవిణ్ని ఎరగా వేశారో తెలియడం మంచిదిగా."

గార్లాండ్ ఉక్కు తలుపు తెరవగానే మైకు మళ్లీ పలికింది. వ్యానులోని మనుషులు ఆమెను తీసుకెళ్లారు. డ్వేన్ ఇంకా చెవి డిప్పలతోనే, ఎడమచెయ్యి పైకెత్తి నిలబడి ఉన్నాడు.

లెనోర్ బెంచీమీద కూర్చుంది. వెండెల్ అంతా చెప్పాడు, తెలిసీ ఆమెను ఇక్కడికి రానిచ్చామన్న సంగతితో సహా. ఆమె నొప్పెడుతున్న వేళ్ల కీళ్లు రుద్దుకుంది.

"ఉత్తరాల పెట్టె దగ్గర నిలబడ్డ మనిషిది నటనే అన్నమాట."

"అవునండీ. ఇక భయపడక్కర్లేదు."

"అతనిది నటన. నా భయం నటన కాదు బాబూ. అది నా ఇంట్లోనే ఉండిపోయింది. రేపు గడియ వేయించుకుంటాను. తర్వాత ఆలోచిస్తాను."

ఆమె లేచి, అతని చేతికి చెయ్యి కలపకుండా వెళ్లిపోయింది. అది సబబే అనిపించింది వెండెల్‌కి.

గార్లాండ్ సర్టిఫికెట్లు పంచుతున్నాడు. వెండెల్‌కి ఇవ్వలేదు.

"నీ గురి కాగితం మీద ఒక్క చిల్లు లేదు. క్లాసంతా పక్క వరుసవైపు చూస్తూ గడిపావు. ఐదు గుళ్లూ ఉన్న పిస్తోలుని బల్లమీద వదిలేసి పరిగెత్తావు."

"ఒక మనిషి ప్రాణం కాపాడానండీ."

"కాపాడావు. గొట్టం ఎటుంది?"

వెండెల్ వెనక్కి చూసుకున్నాడు. గొట్టం తలుపువైపు ఉంది.

పైకొచ్చాక ఓపల్ ఫోన్ చేసింది. "ఫలితం?"

"లెనోర్ పాసయింది. బస్సాయన కూడా," అన్నాడు వెండెల్, కారు స్టార్టవ్వాలని మనసులో మొక్కుకుంటూ. "నేను తప్పాను. వచ్చే శనివారం మళ్లీ రమ్మన్నాడు."