ఖాళీ బండి

సాయంత్రం నాలుగున్నర. దర్శి రోడ్డు పక్క కల్లంలో, ఆరబోసిన మిర్చి మీద యలమందయ్య శవం పడి ఉంది. ఎరుపు మీద ఎరుపు. రక్తం ఎక్కడ మొదలైందో చూడటానికి సీఐ శ్రీరమ్య వంగాల్సి వచ్చింది. వంగగానే ఘాటుకు దగ్గొచ్చింది.

రెండడుగుల అవతల ఆయన పికప్. పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి. గుంటూరు యార్డులో సరుకు దింపి ఖాళీగా తిరిగొస్తూ రోడ్డు దిగింది. యజమానినే కొట్టింది. బ్రేక్ గుర్తులున్నాయి, మరీ ఆలస్యంగా.

డ్రైవర్ షఫీక్ పారిపోలేదు. చక్రం పక్కన కూర్చుని తన చేతులు చూసుకుంటున్నాడు.

“నేనే చంపాను మేడమ్.”

ఆమెకు చిరాకేసింది. అడగకముందే వచ్చే ఒప్పుకోలు ఆమెను నిద్రపోనివ్వదు.

“కావాలనే చంపావా?”

“తెలీదు. ఎదురుగా లారీ వచ్చింది. ఎడమకి తీశా. లారీ పోయింది, బండి మాత్రం రోడ్డెక్కలేదు. ముందు యలమందయ్య బాబాయ్ నిలబడున్నాడు.”

“స్టీరింగ్ తిప్పలేదా?”

“వదిలేశా.”

“ఎందుకు?”

“రోజూ అంతేగా మేడమ్. వదిలితే స్టీరింగ్ దానంతటదే తిన్నగా వచ్చిద్ది. ఇయ్యాల రాలేదు. రానివ్వాలని నాకే లేదేమో.”

“ఇంకా ఏంటి మేడమ్ అడిగేది?” మృతుడి బావమరిది ప్రేమ్‌చంద్ అరిచాడు. కల్లంలోనే ఉండి అంతా చూసినవాడు. “అద్దంకి నుంచి వీడు బావకి ఫోన్ చేశాడు. బండి అటూ ఇటూ పోతోందంట. ‘పోయేది బండి కాదురా, నీ బుర్ర’ అని బావ తిట్టాడు. ఒరేయ్, అంతమాత్రానికే మనిషిని తొక్కేస్తావా?”

షఫీక్ తల దించుకున్నాడు.

“ఫోన్ స్పీకర్లో ఉంది. అద్దంకిలో టీకొట్టు దగ్గర అందరూ విని నవ్వారు. దారి పొడుగునా మనసులో ఆయన్ని కొడుతూనే వచ్చా మేడమ్.”

మర్నాడు ఉదయం మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ స్టేషన్ ఆవరణలో బండిని రెండు చుట్లు తిప్పి చూశాడు. స్టీరింగ్ బాక్స్, రాడ్లు, బేరింగులు, టైర్లు. ఎక్కడా వదులు లేదు. బండిలో లోపం లేదన్నాడు.

సాయంత్రంలోగా షఫీక్‌ను కోర్టులో హాజరుపరచాలి. హత్య కేసు.

శ్రీరమ్య కుర్చీలో కూర్చోలేకపోయింది. లేచింది. మళ్లీ కూర్చుంది. మనసులో కొట్టడానికీ చేత్తో కొట్టడానికీ మధ్య దూరం ఎంత? షఫీక్ దాన్ని చెరిపేశాడు. తన చేతిని తానే నమ్మడం మానేశాడు. ఆ దూరాన్ని కొలవడం ఆమె వల్ల కాదు. బండిని కొలవొచ్చు.

ఆవరణలోకి వచ్చింది. సిమెంటు నేల, చదునుగా ఉంది. అయినా బండి ముక్కు కిందికి వంచినట్టుంది.

వెనక్కి వెళ్లి కిందికి దూరింది. అంతా తుప్పు, మట్టి. మధ్యలో, వెనక బరువు మోసే కమాన్లలో రెండు పట్టీలు మాత్రం నల్లగా మెరుస్తున్నాయి. వాటిని పట్టిన బోల్టులూ కొత్తవే.

యలమందయ్య భార్య సుబ్బరావమ్మను, ప్రేమ్‌చంద్‌ను పిలిపించింది. షఫీక్‌నూ బయటికి తెప్పించింది.

“ఈ పట్టీలు ఎప్పుడు వేయించారమ్మా?”

“మొన్ననేనమ్మా. షఫీక్ వాళ్లమ్మని ఒంగోలు ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు. సీజన్ కదా, బస్తాలు ఎక్కువైతే బండి కూర్చుంటోందని ఈయన గోల. మా తమ్ముడే దర్శి తీసుకెళ్లి ఏయించుకొచ్చాడు.”

“షఫీక్, నీకు చెప్పారా?”

“లేదు మేడమ్. నేనొచ్చేసరికి లోడు కట్టేశారు.”

“లోడుతో ఎలా నడిచింది?”

“గీత గీసినట్టు.”

“ఖాళీగా?”

“తిరిగొచ్చేటప్పుడే. అదే మొదలు.”

ఖాళీ బండిని ఊరి బయట తిన్నటి రోడ్డుకు తెప్పించింది. రెండువైపులా కానిస్టేబుళ్లు వాహనాలు ఆపారు. రోడ్డు పక్కన పొట్టు నింపిన గోతం నిలబెట్టారు.

“ప్రేమ్‌చంద్ గారూ, మీరు నడపండి. లారీ వచ్చిందనుకుని ఎడమకి తీయండి. తర్వాత స్టీరింగ్ వదిలేయండి.”

“దాందేముంది?” అంటూ ఎక్కాడు. ఆమె పక్కన కూర్చుంది.

బండి వేగం అందుకుంది. ఎడమకి తీశాడు. వదిలాడు.

స్టీరింగ్ తిరిగి రాలేదు.

“ఓర్నాయనో!” రెండు చేతులా పట్టుకుని లాగాడు. బ్రేక్ తొక్కాడు. బండి ఆగేసరికి గోతం ముందు చక్రం కింద ఉంది.

ప్రేమ్‌చంద్ స్టీరింగ్ మీంచి చేతులు తీసేశాడు. “నేను... నేను తిప్పలేదు మేడమ్!”

“తెలుసు.”

దిగి, అందరికీ చెప్పింది. “స్టీరింగ్ ముందుంటుంది కాబట్టి అందరం ముందే వెతికాం. పట్టీలు వేశాక ఖాళీ బండి వెనక లేచింది. దాంతో ముందు ఇరుసు వాలు మారింది. వదిలిన స్టీరింగ్‌ను తిన్నగా తెచ్చేది ఆ వాలే. లోడు వేస్తే వెనక దిగుతుంది, బండి తిన్నగా పోతుంది. ఆవరణలో మెల్లగా తిప్పితే తేడా తెలీదు.”

ప్రేమ్‌చంద్ రోడ్డు అంచున కూలబడ్డాడు. “బావ ఏయించమంటేనే...” అన్నాడు.

సుబ్బరావమ్మ షఫీక్ దగ్గరికి నడిచింది.

“అయితే ఫోన్లో నువ్వు చెప్పింది నిజమేనంట్రా?”

“నిజమే పిన్నీ.”

“ఆయన ఇనలా.” కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“హత్య సెక్షన్ తీసేయమని ఇవాళే కోర్టుకు రాస్తాను,” అంది శ్రీరమ్య.

షఫీక్ ముఖంలో వెలుగు రాలేదు. “మనసులో కొట్టింది మాత్రం నిజం మేడమ్. అదీ రాసుకోండి.”

“దానికి నా దగ్గర సెక్షన్ లేదు.”

తిరిగి వెళ్లేటప్పుడు జీపు ఆమే నడిపింది. మలుపు దాటాక అలవాటుగా స్టీరింగ్ వదలబోయింది. వేళ్లు ఊడిరాలేదు.