ఆదోని మీదుగా మరుగుదారి

కాఫీ కప్పు కౌశిక్‌ను మళ్లీ అడిగింది. "ఈరోజు ఏ వారం, కౌశిక్ గారూ?"

"చెప్పానుగా ఇందాక," అన్నాడు కౌశిక్.

చెప్పలేదు. హాసిని వంటగదిలోంచి చూస్తూనే ఉంది. అతను కప్పు అంచు మీద వేలు తిప్పుతూ గోడ వైపు, కిటికీ వైపు, చివరికి భార్య వైపు చూశాడు. ఆమె గొంతు రాకుండా పెదవులతోనే "గురువారం" అంది. గొంతు వస్తే కప్పు వింటుంది.

"గురువారం," అన్నాడతను, గండం గడిచినట్టు.

ఆ కాలానికి కాకినాడలో ఇళ్లన్నీ అలాగే మాట్లాడేవి. అద్దం ముఖం చూసి నిద్ర చాలలేదని చెప్పేది. మంచం మోకాళ్ల నొప్పి గురించి అడిగేది. వాటి మాటలన్నీ హాలు మూలనున్న ఇంటిద్వారి గుండా బయటికి వెళ్లేవి. అరచేతి వెడల్పు తెల్లటి పెట్టె అది. ఇంట్లోని వస్తువులకూ బయటి ప్రపంచానికీ మధ్య అదొక్కటే గుమ్మం. ఆ మాటలను నగర క్షేమకేంద్రం దారిలోనే చదివి, వయసు మళ్లిన ప్రతి మనిషికీ జ్ఞాపకశక్తిని బట్టి ఒక స్మరణాంకం కట్టేది. అంకం గీత కిందికి దిగితే మనిషిని స్మృతినిలయానికి తరలిస్తారు. అక్కడ బాగా చూస్తారని అందరూ అనేవారు. హాసిని కూడా కాదనదు. కాని ఆ నిలయంలో భార్యకు మంచం ఉండదు.

కౌశిక్ అంకం గీతకు దగ్గరగా వచ్చిందని అద్దం చెప్పిన దగ్గర్నుంచీ ఆమెకు కాలు నిలవడం లేదు. సర్దిన డబ్బాలే మళ్లీ సర్దేది. కూర్చున్న కుర్చీలోంచి ఎందుకు లేచిందో తెలియకుండా లేచేది.

ఆ రోజు అతను స్నానానికి వెళ్లగానే ఆమె స్టూలు లాక్కుని ఇంటిద్వారి ముందు కూర్చుంది. దాని అమరికల పేజీ గోడ మీద పరుచుకుంది. మరుగుదారి బిగించుకోవడం నేరం కాదు. వకీళ్లు, బ్యాంకువాళ్లు వాడేదే. ఇంటి మాటలన్నిటినీ ఒక మూసిన గొట్టంలో పెట్టి వేరే ఊరికి పంపుతుంది, అక్కడే బయటికి వదులుతుంది. మధ్యలో ఎవరూ విప్పి చూడలేరు. కప్పుకూ అద్దానికీ విడివిడిగా దాన్ని బిగించే వీలు లేదు. గుమ్మంలో ఒకసారి బిగిస్తే ఇల్లంతటికీ సరిపోతుంది.

మరుగుదారి కొన్నప్పుడు ఇచ్చిన తాళపు అక్షరాలు ఒక్కొక్కటే చదువుకుంటూ ఎక్కించింది. ఏ ఊళ్లో బయటపడాలని పేజీ అడిగింది. ఖాళీ ఉందని చెప్పే ఆకుపచ్చ చుక్క ఉన్న ఊరు ఒక్కటే కనిపించింది, ఆదోని. ఆమె ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు.

"హాసినీ, ఈ కుళాయి ఎటు తిప్పాలి?" స్నానాలగదిలోంచి కౌశిక్ పిలిచాడు.

"ఎడమకండీ! వస్తున్నా!"

పేజీ ఇంకో ప్రశ్న వేసింది. ఈ దారిన ఏవి వెళ్లాలి? ఎంచుకున్నవా, అన్నీనా? లేస్తూ లేస్తూ ఆమె "అన్నీ" అన్నచోట వేలు నొక్కింది. అతనెక్కడున్నాడో చెప్పే ముంజేతి నాడికంకణం కూడా ఆ అన్నిట్లోదేనని ఆ తొందరలో తట్టలేదు.

తర్వాత కొన్నాళ్లు ఇల్లు తేలికపడింది. కప్పు అడిగినప్పుడల్లా హాసిని పైకే జవాబు చెప్పేది. ఒకరోజు కౌశిక్, "ఏ వారమైతే నీకెందుకే? కాఫీ బావుంది, అది రాసుకో," అని కప్పుని కసిరితే ఇద్దరూ నవ్వుకున్నారు. అద్దం మాత్రం ఆదోని ఎండ గురించి హెచ్చరించేది. పత్తి మార్కెట్టు వైపు వెళ్లేటప్పుడు తలకు గుడ్డ కట్టుకోమనేది.

ఒక ఉదయం మేడ మీద బట్టలు తీసుకుని కిందికి వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి. కౌశిక్ లేడు.

తలుపు పక్కనున్న తప్పిపోయినవారి మీట నొక్కింది. మామూలుగా అయితే ఆ క్షణంలోనే వీధుల్లోని గుర్తుస్తంభాలు మనిషి కంకణాన్ని పట్టుకుని పసుపుపచ్చగా వెలుగుతాయి. ఆ వెలుగు వెంట నడిస్తే చాలు. కాని కనుచూపు మేర స్తంభాలన్నీ తెల్లగానే ఉండిపోయాయి.

కింద అపార్టుమెంటు సెక్రటరీ రిత్విక్ కనిపించాడు.

"మీటింగుందండీ, లేకపోతే వచ్చేవాణ్ణే," అన్నాడతను, ఆమె అడగకముందే. "అయినా స్తంభాలు చూసుకుంటాయి కదండీ. మనం మధ్యలో అడ్డొస్తే వాటికే ఇబ్బంది."

"వెలగడం లేదండీ."

"వెలుగుతాయండీ. కంగారు పడకండి."

ఆమె వీధి చివరిదాకా పరుగెత్తి వెనక్కి వచ్చింది. మళ్లీ ఇంకో వైపు వెళ్లింది. అంతలో ఫోను మోగింది.

"హాసినమ్మేనా మా? నేను తస్లీమ్‌ని, ఆదోని నుంచి. మీ ఆయన పొడుగా, పొట్టా? నీలం చొక్కా అని మాత్రం వచ్చింది."

"ఆదోనా?"

"ఊ. మా వీధికి పిలుపొచ్చింది గదా, మీ నంబరుతో సహా. మసీదు మైకులో చెప్పించినాం. కోటేశు ఆటోకి మైకు కట్టుకోని తిరుగుతాండాడు. వినపడుతుందా?"

వినపడింది. ఎవరో గొంతు చించుకుని అరుస్తున్నారు. "కౌశిక్ సారో! ఓ కౌశిక్ సార్! నీలం చొక్కా సార్ యాడుండావు?" ఆ వెనక ఇంకా చాలా గొంతులు అదే పేరు పిలుస్తున్నాయి. ఆదోనిలో స్తంభాలు చాలావరకు చెడిపోయి ఏళ్లయింది. అక్కడ మనిషి తప్పిపోతే మనుషులే వెతకాలి.

హాసినికి అంతా అర్థమైంది. కంకణం దృష్టిలో, మీట దృష్టిలో ఈ ఇల్లు ఆదోనిలో ఉంది. కాకినాడ స్తంభాలకు కౌశిక్ పరాయి ఊరివాడు.

"ఆయన అక్కడ లేరమ్మా," అంది. "మేముండేది కాకినాడలో. ఆయన మతిమరుపు ఎవరికీ తెలియకూడదని నేనే దారి మార్చాను."



"కాకినాడంటే సముద్రముండే ఊరు గదా? అబ్బబ్బ! పొయ్యి మింద ఉగ్గాని వదిలేసి వస్తిని మా నేను!" అంది తస్లీమ్. వెంటనే గొంతు మార్చింది. "సరే, తిట్టేది తర్వాత తిడతా. ఆ దారేదో ముందు మూసెయ్. ఫోను పెట్టేయద్దు, నేనుంటా."

దారి మూస్తే ఇన్నాళ్లూ దాచిన తప్పు జవాబులన్నీ ఇంటిద్వారి ఒక్కసారిగా క్షేమకేంద్రానికి అప్పజెబుతుందని హాసినికి తెలుసు. మెట్లెక్కుతున్నంతసేపూ తెలుసు. పెట్టె ముందు మాత్రం ఆగలేదు. మూసేసింది.

కిటికీ అవతల ఒక స్తంభం పసుపుపచ్చగా వెలిగింది. తర్వాత ఇంకొకటి.

కౌశిక్ జగన్నాథపురం వంతెన దగ్గర చేపలమ్మే ఆవిడ గొడుగు నీడలో కూర్చుని ఉన్నాడు. కాళ్లకు అతనివి కాని చెప్పులున్నాయి, మడమలు బయటికి వచ్చేంత పొట్టివి. "కాళ్లు కాలిపోతున్నాయని నావే ఇచ్చానండి," అంది ఆవిడ. "పేరడిగితే చెప్పలేకపోయారు పాపం." హాసిని ఫోనులో ఇదంతా వింటున్న తస్లీమ్ గట్టిగా ఊపిరి వదిలింది. ఆ వెనక మైకు ఆగింది. ఎవరో ఈల వేశారు.

క్షేమకేంద్రం నుంచి సంహిత అనే అధికారి మర్నాడే వచ్చింది. నెమ్మదైన మనిషి. కౌశిక్‌కు నమస్కారం పెట్టి, హాసిని ఎదురుగా కూర్చుని తెర విప్పింది.

"అంకం గీత దాటిపోయిందండీ. కాని ఊళ్లో తగినంతమంది తోడున్న మనిషిని తరలించకూడదని నిబంధన. తప్పిపోయినవారి పిలుపు విని వెతకడానికి బయటికి నడిచిన ప్రతివారినీ వాళ్ల కంకణాలు తోడుగా రాసుకుంటాయి." ఆమె వేలితో తెర జరిపింది. "కాకినాడలో మీరొక్కరే ఉన్నారు. ఒక్కరు సరిపోరు. ఆదోనిలో..." ఆమె వేలు తెర జరుపుతూనే ఉంది, పేర్లు వస్తూనే ఉన్నాయి. "మీకు అక్కడ ఇంతమంది చుట్టాలున్నారా?"

"ఒక్కరూ లేరండి."

సంహిత తెర వంక, హాసిని వంక మార్చి మార్చి చూసింది.

"అయితే ఆయన ఆదోనిలో ఇంట్లోనే ఉండవచ్చా?" అడిగింది హాసిని. "నాతో?"

"నిబంధన ప్రకారం ఉండవచ్చు. ఇలా ఇంతవరకు ఎవరూ అడగలేదండీ."

సంహిత గడప దాటిందో లేదో హాసిని తస్లీమ్‌కు ఫోను చేసింది.

"ఇల్లా?" అంది తస్లీమ్. "మా పైన రెండు గదులు ఖాళీగుండాయి. నీళ్లు దినం విడిచి దినం వస్తాయి, ముందే చెప్తాండా. మళ్లీ నన్ననొద్దు."

ఆదోని స్టేషనులో దిగాక కౌశిక్ సంచీ పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడిపోయాడు. దారిలో పేరు కూడా రెండుసార్లు అడిగాడు, తన పేరే. ఎండ కళ్లలో పడుతోంది.

"ఇక్కడ మనకెవరూ తెలియదు కదా, హాసినీ?"

ఆమె అతని చెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది.

"కౌశిక్ సార్!" వాళ్ల కోసమే కాసుకున్న ఆటోలోంచి కోటేశు దూకాడు. టీ బంకు దగ్గర గ్లాసులు కడుగుతున్న మనిషి తలెత్తాడు. "వచ్చినాడప్పా మన కౌశిక్ సారు!" పూలమ్మే ఆవిడ, ఆమె పక్కనున్న ముసలాయన, అరటిపళ్ల బండివాడు, ఒక్కొక్కరే ఆ పేరు అంటున్నారు. ఒక ఉదయమంతా అరిచిన పేరు వాళ్ల నోళ్లకు అలవాటైపోయింది. పిలిచిన ప్రతిసారీ కౌశిక్ అటు తిరిగి చూస్తున్నాడు.

"నేను వీళ్లందరికీ ఎలా తెలుసు?"

"మిమ్మల్ని వెతికారండి."

అతను ఆమె వైపు తిరిగాడు. "దొరికానా మరి?"

కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చిన తస్లీమ్ అతని చేతిలోని సంచీ అందుకుంది.

"ఇప్పుడు దొరికినావు సార్," అంది. "రా, ఎండలో ఎంతసేపు నిలబడతావు?"