ఖాళీ గడిలో మంచు

ట్యూబ్ పోయిందని ఉదయం 10:10కి తెలిసింది. 10:35కి ఇన్‌స్పెక్టర్ వచ్చింది. అప్పటికే డాక్టర్ ల్యాబ్ తలుపు లాక్ చేయించాడు.

కిటికీల్లేని గది. లోపల డాక్టర్, నర్సు, టెక్నీషియన్. మూలన మనిషెత్తు డీప్ ఫ్రీజర్. దాని రొద తప్ప ఇంకో చప్పుడు లేదు.

"ఏం పోయింది?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"రక్తం. వేలెడంత ట్యూబ్," అన్నాడు డాక్టర్. "కాలేయానికీ పెద్దపేగుకీ వచ్చే క్యాన్సర్‌ని లక్షణాలు బయటపడకముందే రక్తంలో పట్టుకోవచ్చా అని మా పరిశోధన. ఆరోగ్యంగా ఉన్న నాలుగు వందల మంది దగ్గర రక్తం తీసుకున్నాం. అందులో 217 నంబరు పాజిటివ్. పెద్దపేగు."

"ఎవరిది?"

"ఒక బస్సు డ్రైవర్‌ది. గొట్టం వేసి చూస్తే పేగు అద్దంలా ఉంది. అంటే మా టెస్టయినా తప్పు, ట్యూబయినా తప్పు. ఇవాళ పదకొండింటికి మళ్లీ పరీక్షించాలి. డ్రైవర్‌నీ రమ్మన్నాం. తీరా చూస్తే ట్యూబే లేదు."

"చివరిసారి చూసిందెవరు?"

"నేనే," అంది నర్సు. ఆరేళ్లుగా ఇక్కడ రక్తం తీసేది, రోజూ ట్యూబులు లెక్కపెట్టి సంతకం చేసేది ఆమే. "9:40కి చూశాను. నాలుగు వందలూ ఉన్నాయి."

"తర్వాత ఫ్రీజర్ తెరిచిందెవరు?"

నర్సూ డాక్టరూ టెక్నీషియన్ వైపు చూశారు. మాట తక్కువ మనిషి. వెనకాల అందరూ మంచుగడ్డ అంటారు.

"9:55కి తెరిచాను. వేరే అరలో పని. అరనిమిషం."

"తాళం?"

"నా దగ్గరొకటి. సిస్టర్ దగ్గరొకటి."

"డాక్టర్ గారితో గొడవలున్నాయా?"

"పోయిన నెల సెలవివ్వలేదు. దానికి రక్తం ఎత్తుకుపోతానా మేడమ్?"

"నువ్వు కాక ఇంకెవరు తీస్తారయ్యా?" డాక్టర్ గొంతు లేచింది.

టెక్నీషియన్ తలుపు వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

10:50. ఇన్‌స్పెక్టర్ 217 ఉండాల్సిన పెట్టెని ఫ్రీజర్‌లోంచి బయటికి తీయించింది. లోపల వంద గళ్లు. తొంభై తొమ్మిదింటిలో ట్యూబులు. ఒకటి ఖాళీ. ఆమె ఆ గడిలోకి టార్చి వేసి చూసింది. పది సెకన్లు.

"పెట్టేయండి."

తలుపు తీయించి వరండాలోకి నడిచింది. డ్రైవర్ బెంచీ చివర ఒదిగి కూర్చున్నాడు.

"మీకు రక్తం ఏ చేతికి తీశారు?"

"ఏ రక్తమమ్మా?"

"ఈ పరిశోధన కోసం ఇచ్చింది."

"పేరు రాసుకున్న రోజు నేనిచ్చింది డబ్బాలో మలం శాంపిల్. అదీ సిగ్గు చంపుకుని ఇచ్చా. రక్తం ఇచ్చే రోజు డ్యూటీ పడింది. రాలేదు."

"ఆ సంగతి ఎవరికైనా చెప్పారా?"

"ఎవరూ అడగలేదు కదమ్మా. క్యాన్సర్ ఉండొచ్చంటే కాళ్లు చల్లబడ్డాయి. చూసి లేదన్నారు. లేదన్నాక ఇంకేం అడుగుతాం?"

11:05. ఇన్‌స్పెక్టర్ లోపలికొచ్చి తలుపు మూసింది.

"టెక్నీషియన్ గారూ, ఖాళీ గడిలో మంచు పేరుకోవడానికి ఎంతసేపు పడుతుంది?"

"రోజులు పడుతుంది. తలుపు తీసినప్పుడల్లా కొంచెం కొంచెం."

"217 గడి అడుగున గోరు మందాన మంచుంది. ట్యూబ్ ఇవాళ పోలేదు. మీరందరూ 9:40కీ 10:10కీ మధ్య అరగంటని పట్టుకుని ఈయన మీద పడ్డారు. ఆ అరగంటని మనకిచ్చిందెవరు?"

డాక్టర్ నర్సు వైపు తిరిగాడు.

"ఇంకొకటి. ఆ రోజు డ్రైవర్ రక్తం ఇవ్వనేలేదు. మరి ట్యూబ్‌లోది ఎవరి రక్తం సిస్టర్?"

నర్సు స్టూలు మీద కూలబడింది.

"నాదే."

ఒళ్లో చేతుల వైపు చూస్తూ చెప్పుకొచ్చింది. "అది చివరి రోజు. ఒక్కరు తగ్గినా బ్యాచంతా వెనక్కి పోతుందన్నారు. రాయిలా ఉన్నాను, నాదైతే ఏం పోయిందనుకున్నా. సూది నేనే గుచ్చుకున్నా. అతనికి లేదని తేలిన రోజు మీరందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు ఊపిరాడలేదు. మళ్లీ పరీక్షిస్తే ఆడమనిషి రక్తమని తెలిసిపోతుంది. అందుకే పదకొండు రోజుల కిందట తీసి పారేశా."

"నాకెందుకు చెప్పలేదు?" డాక్టర్ అడిగాడు.

"చెబితే ఉద్యోగం పోతుంది, మీ పనికి మచ్చ. చెప్పకపోతే లోపల అది పెరుగుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గొట్టం వేసి చూసే పరీక్ష ఈ ఊళ్లో చేసేది మన పై అంతస్తులోనే. అక్కడ పేరు రాయిస్తే మీ ముందుకే వస్తుంది. ముందే పట్టుకుంటే భయం లేదని వచ్చిన వాళ్లందరికీ చెప్పేదాన్ని సార్. నా దాకా వచ్చేసరికి నోరు రాలేదు."

"నింద ఈయన మీద పడుతుందని తెలుసా?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

నర్సు టెక్నీషియన్ ముఖం వైపు చూడలేకపోయింది. తల మాత్రం ఊపింది.

అతను గ్లవ్స్ విప్పి బల్ల మీద పెట్టాడు. "అవన్నీ తర్వాత చూసుకుందాం సిస్టర్. ముందు పైకి పదండి."

డాక్టర్ ఆ మధ్యాహ్నం రెండు కాగితాలు రాశాడు. ఒకటి సస్పెన్షన్. ఇంకొకటి అడ్మిషన్. మూడో రోజు పేగులో ద్రాక్షపండంత గడ్డ దొరికింది. పేగు గోడ దాటలేదు. కోసి తీసేశారు. డ్రైవర్ రక్తం ఈసారి నిజంగానే తీశారు. ఏమీ లేదు.

స్టేట్‌మెంట్ కోసం ఇన్‌స్పెక్టర్ వార్డుకి వెళ్లింది. నర్సు దిండుకి ఆనుకుని కూర్చుంది. రాయాల్సినవన్నీ రాసి, సంతకం కోసం కాగితం అందించింది ఇన్‌స్పెక్టర్.

నర్సు పెన్ను పట్టుకుని ఆగిపోయింది.

"మీరు రాకపోయుంటే నేనే చెప్పేదాన్ని కదా మేడమ్?"

ఇన్‌స్పెక్టర్ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"మీకేమనిపిస్తోంది?"

నర్సు కాగితం మొదటి నుంచి చదివింది. తర్వాత సంతకం పెట్టింది.

"చెప్పేదాన్ని కాదు," అంది.