మూడో మడిలో నత్తలు

"మా పందుల కొట్టం నీళ్లలో మొహం చూసుకోవచ్చు, తెలుసా?" అంది మా మనవరాలు ఫికున్, బడిలో అన్నం బెల్లు కొట్టగానే.

పిల్లలంతా ముక్కులు మూసుకున్నారు.

"చూసుకున్నాకే నీ మొహం ఇలా అయిందా?" అన్నాడు చలేమ్.

"శుక్రవారం మా ఇంటికి రా. నువ్వే చూద్దువుగాని!"

టీచర్ విని, "అయితే క్లాసంతా వస్తాం," అంది.

గొప్పలు చెప్పడంలో అది నా పోలికే. కానీ ఈసారి చెప్పింది నిజం. కొట్టం కడిగిన నీళ్లు ముందు తొట్టిలో నిలుస్తాయి. మడ్డి అడుక్కి దిగాక, పై నీళ్లు మూడు జమ్ము మడుల్లోంచి నింపాదిగా నడుస్తాయి; జమ్ము వేళ్లు మురికిని పీల్చేసుకుంటాయి. మొదటి మడిలో టీ రంగు. మూడోది దాటేసరికి ఎంత తేటంటే, జెల్లచేపలు అందులో చూసుకుని మీసాలు దువ్వుకుంటాయి. నమ్మకపోతే చేపల్నే అడగండి.

ఆ నీళ్లు కాలవలో పడి, ఫికున్ అత్తా అని పిలిచే లమాయ్ తామర చెరువులోకి పోతాయి.

ఆ సాయంత్రం ఫికున్ ఇంటికొచ్చేసరికి అత్త కాలవగట్టు మీద పార పట్టుకుని నిలబడి ఉంది.

"కంపు కొడుతోంది తమ్ముడూ," అంది మా అబ్బాయితో. "నావి బుద్ధుడి ముందు పెట్టే పూలు. శుక్రవారం దాకా చూస్తా. ఆపైన కాలవ పూడ్చేస్తా."

కొట్టం నీళ్లు పోయే దారి అదొక్కటే. కాలవ పూడితే పందుల్ని అమ్మేయాల్సిందే.

ఫికున్ మడుల దగ్గరికి పరుగెత్తింది. రెండు పచ్చగానే ఉన్నాయి. మూడోదాంట్లో పోయిన నెల నాటిన లేత జమ్ము లేదు. మొండి మోళ్లే ఉన్నాయి. వాటి మీద గులాబీ రంగు నత్తగుడ్ల గుత్తులు.

ఆ నత్తలు ఎక్కణ్ణుంచి వచ్చాయో దానికొక్కదానికే తెలుసు.

పుట్టినరోజున మేం ప్రాణుల్ని వదిలిపెడతాం, పుణ్యమని. అందరూ గుడి దగ్గర చేపపిల్లల్ని కొంటారు. మొన్న తన పుట్టినరోజుకి ఇది మాత్రం పక్కింటివాళ్లు బాతుల కోసం వరిచేలో ఏరిన బకెట్టెడు నత్తల్ని బతిమాలి తెచ్చి, ఎవరికీ చెప్పకుండా మూడో మడిలో వదిలింది. "హాయిగా బతకండి," అని దీవించింది కూడా. బతికాయి. బాగానే బతికాయి!

"తాతా, చప్పుడు చెయ్యకుండా ఏరేద్దామా?" అంది నా చెవిలో.

"ఏరుదాం. కానీ అత్త తిట్లన్నీ తింటున్నది మీ నాన్న కదా," అన్నాను.

ఫికున్ కాసేపు కాలితో మట్టి గీకింది. తర్వాత తిన్నగా వెళ్లి అత్తకి చేతులు జోడించింది.

"తప్పు నాన్నది కాదత్తా. నత్తల్ని వదిలింది నేను."

"పుణ్యం నీకూ, కంపు నాకూనా?" అంది అత్త. "శుక్రవారం అన్నాను. మాట మారదు."

మా అబ్బాయి తొట్టి దగ్గరే నీళ్లు ఆపేశాడు. మూడు రోజులు ఫికున్ నత్తలేరింది, గుడ్లు గీకింది. ఒక్కొక్క నత్తకీ క్షమాపణ చెప్పి బాతులకే తిరిగిచ్చింది.

శుక్రవారం క్లాసంతా దిగింది.

"ఏదీ, అద్దం?" అన్నాడు చలేమ్.

"ఇవాళ లేదు. నేనే పాడుచేశాను. రండి, చూపిస్తా."

బోసి మడి చూపించి, జరిగిందంతా చెప్పింది. మొదటి మడిలోంచి తీసిన జమ్ము దుబ్బులు తలా ఒకటి పంచి, తనే ముందు బురదలోకి దిగింది.

"వేళ్లు పూర్తిగా మునగాలి. మెల్లగా చలేమ్, అది మేకు కాదు!"

అత్త గట్టు మీంచి అంతా చూసింది. "ఇవి వేళ్లూనేదాకా ఆగుతాలే," అంది.

"ఈ మడి ఎవరు చూసుకుంటారు?" అని టీచర్ అడిగింది.

మా అబ్బాయి నోరు తెరవడమే తక్కువ. ఆ రోజు మాత్రం గట్టంతా వినబడేలా చెప్పాడు.

"మా అమ్మాయి!"