తొంభై ఒకటో స్థానం

ఎలీషా శవం షామీర్‌పేట చెరువులో దొరికిన పదకొండో రోజు, ఉదయం ఎనిమిదింటికి, అతని సాఫ్ట్‌వేర్ ఒక మెయిల్ పంపింది.

అది ఎలీషా అడ్రస్‌కే వచ్చింది. చదివింది రహస్య విభాగం ఏజెంట్ రఘునందన్.

ఎలీషా షామీర్‌పేటలోని వ్యాక్సిన్ ల్యాబ్‌లో సైంటిస్ట్. ల్యాబ్ తయారుచేసిన ఒక ప్రొటీన్ వివరాలు విదేశీ ముఠాకి చేరాయి. ‘లీక్ చేసింది ఎలీషా. దొరికిపోతానని చెరువులో దూకాడు’ అని రిపోర్టు రాసింది రఘునందనే. ఆధారం ల్యాబ్‌లోని ఇన్‌ఫార్మర్ మాట. కోడ్ పేరు కోయిల, అసలు పేరు షైని. ఎలీషాతో నిశ్చితార్థమైన అమ్మాయి. రఘునందన్ ఆమెతో ఫోన్లోనే మాట్లాడేవాడు.

ప్రొటీన్ డేటాబేస్‌లు రోజూ పెరుగుతుంటాయి. ఎలీషా సాఫ్ట్‌వేర్ ప్రతి శుక్రవారం తనంతట తానే వాటిని వెతికి, ల్యాబ్ ప్రొటీన్‌ని పోలినవి కొత్తగా చేరితే చెబుతుంది. ఈ వారం ఒకటి చేరింది. ఒక విదేశీ కంపెనీ తనదంటూ నమోదు చేసింది. ప్రొటీన్ గొలుసులోని నాలుగు వందల పన్నెండు అమైనో ఆమ్లాల్లో ఒక్కటే తేడా, తొంభై ఒకటో స్థానంలో.

రఘునందన్ ఎలీషా డైరీ తీశాడు. చివరి పేజీ అతనికి ఇన్నాళ్లూ అర్థం కాలేదు, ఇప్పుడైంది. లీక్ అనుమానం వచ్చాక ఎలీషా ల్యాబ్‌లో ముగ్గురికి ప్రొటీన్ వివరాల కాపీలు మూడు ఇచ్చాడు, ఒక్కోదాంట్లో ఒక్కోచోట మార్చి.

‘సాయినాథ్ 57. సృజన 140. షైని 91. షైనికి ఈ పరీక్ష అవసరం లేదు, పద్ధతి కోసం.’

ల్యాబ్‌కి ఫోన్ చేశాడు. ఫ్రీజర్‌లో వ్యాక్సిన్ తయారీకి మూలమైన సీడ్ వయల్, చిన్న సీసా, ఒకటి తక్కువ. షైనికి ఆ మధ్యాహ్నం మూడింటికి సింగపూర్ ఫ్లైట్.

పదకొండింటికి మేడ్చల్‌లో ఎలీషా ఇంట్లో ఆదరణ కూడిక, పోయినవాళ్ల కుటుంబం కోసం చేసే ప్రార్థన. రఘునందన్ ఇన్సూరెన్స్ ఏజెంట్ వేషంలో వెళ్లాడు. యాభై కుర్చీలు వేశారు. వచ్చింది తొమ్మిది మంది.

“కుర్చీలు జూస్తున్నవా బిడ్డా?” అంది ఎలీషా తల్లి గంగమ్మ. “దొంగ ఇంటికి ఎవరొస్తరు? చెరువుల ఈత నేర్చినోడు మునుగుతడా, నువ్వే చెప్పు. పైసలొద్దు. నా కొడుకు దొంగ కాదని సర్కారు కాయితం ఒక్కటి ఇప్పియ్యి. చర్చిల సదివిస్త.”

తెల్ల చీరలో షైని పాట ముగించింది. “పోయొస్త అత్తమ్మా. జల్దీ పోవాలె.”

“కడుపుల ఇంత తిని పో బిడ్డా.”

“వద్దు అత్తమ్మా.”

గేటు బయట కారు ఇంజన్ ఆన్‌లో ఉంది. ఆమె డోర్ తీసింది.

“కోయిలకి కబురుంది” అన్నాడు రఘునందన్.

“కొమ్మ మీద చెప్పు” అంది ఆమె, ఫోన్లో చెప్పే సంకేతమే అలవాటుగా. గొంతు గుర్తుపట్టి నవ్వింది. “సార్, మీరా?”

“ఎలీషా నీకిచ్చిన కాపీలో తొంభై ఒకటో స్థానం మార్చాడు.”

ఆమె చేతిలోని ఫ్లాస్క్ మూత తీశాడు. డ్రై ఐస్ పొగ, మధ్యలో వయల్. మఫ్టీలో ఉన్న మహిళా కానిస్టేబుళ్లు ఆమె చేతులు పట్టుకున్నారు.

“నన్ను గూడ అనుమానించిండా?” అంది షైని.

రఘునందన్ డైరీ పేజీ చూపించాడు. ఆమె చదివి కారు పక్కన కింద కూర్చుంది.

“ఏంది సారూ ఇది?” గంగమ్మ వచ్చింది.

“మీ కొడుకు దొంగ కాదమ్మా. దొంగని పట్టించాడు. తప్పు రాసింది నేను. చెరువు సంగతి కూడా మళ్లీ విచారిస్తాం.”

“గా మాట గా కుర్చీల ముంగట చెప్పు.”

చెప్పాడు. నలభై ఒక్క కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

సోమవారం రఘునందన్‌కి తన విభాగం నుంచి మెమో అందింది. ‘ఎలీషా నిర్దోషి అన్న రహస్య సమాచారాన్ని తొమ్మిది మంది ముందు వెల్లడించినందుకు సంజాయిషీ ఇవ్వండి. ఈ మెమో ఎవరికీ చూపరాదు.’

రఘునందన్ దాన్ని జిరాక్స్ తీసి గంగమ్మకి పంపాడు. ఆమె అడిగిన మాట రాసున్న సర్కారు కాగితం అదొక్కటే.